ఈ నాచు పేరేమిటి?



విశాఖపట్నంలో తెన్నేటి పార్కు దిగువన, సముద్రం వెనక్కి తగ్గిన వేళ రాళ్ళ మీద పచ్చటి పలచటి రేకులు పరుచుకుని ఉంటాయి. నీళ్ళలో ఉన్నంతసేపూ పొడుగాటి పీలికలుగా ఊగుతాయి, నీళ్ళు తీయగానే రాతికి అంటుకుపోతాయి. దీని పేరేమిటని కొన్నేళ్ళ కిందట ఏ బోటనీ విద్యార్థిని అడిగినా ‘ఉల్వా ఫాసియేటా’ అని తడుముకోకుండా చెప్పేవాడు. మా తరం పరీక్షల్లో రాసిందీ అదే, మార్కులు పడిందీ దానికే. ఇవాళ అదే పేరు పట్టుకుని ఆల్గేబేస్ అనే అంతర్జాతీయ నాచుల పట్టికలో వెతకండి. ఇది ‘ఉల్వా లాక్టూకా’ అని ఉంటుంది. మొక్క మారలేదు, రాయి మారలేదు. మారింది పేరు. ఎందుకు మారిందో తెలిస్తే, సముద్రపు నాచును సేకరించి, గుర్తించి, వర్ణించే పని ఎలా సాగుతుందో సగం తెలిసినట్టే.

ఉల్వా లాక్టూకా అన్న పేరు పెట్టినవాడు స్వీడన్ దేశపు లిన్నేయస్, 1753లో. ఫాసియేటా అన్న పేరు పెట్టినవాడు డెలీల్. నెపోలియన్ సేనతో ఈజిప్టు వెళ్ళిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు. అలెగ్జాండ్రియా తీరంలో దొరికిన నాచుకు 1813లో ఆ పేరు ఖాయం చేశాడు. అప్పటినుంచీ రెండు వందల ఏళ్ళపాటు యూరప్ చల్లటి సముద్రాల్లో దొరికే రేకు లాక్టూకా, వెచ్చటి సముద్రాల్లో దొరికేది ఫాసియేటా అని పంపకం జరిగిపోయింది. ఎవరికీ పేచీ లేదు.

లిన్నేయస్ ఎండబెట్టి కాగితానికి అంటించిన ఆ రేకు ఇప్పటికీ ఉంది. లండన్‌లో లిన్నేయన్ సొసైటీ వారి దగ్గర భద్రంగా ఉంది. దాని డీఎన్‌ఏను ఇతర అసలు నమూనాలతో పోల్చిన పరిశోధన 2019లో వెలువడింది. అది ఉత్తర యూరప్ చలి నీళ్ళ మొక్కతో కలవలేదు. వెచ్చటి సముద్రాల ఫాసియేటాతో దాదాపు అక్షరం పొల్లుపోకుండా కలిసింది. రెండూ ఒకటే మొక్క అయినప్పుడు ముందు పెట్టిన పేరే నిలవాలన్నది వృక్షశాస్త్రంలో నియమం. కాబట్టి మన రాళ్ళ మీది పచ్చరేకు లాక్టూకా అయింది. ఇన్నాళ్ళూ ఆ పేరుతో చలామణీ అయిన చలి నీళ్ళ మొక్క ‘ఉల్వా ఫెనెస్ట్రాటా’ అన్న మరో పేరుకు సర్దుకోవలసి వచ్చింది.

మరి లిన్నేయస్ చేతికి ఆ రేకు ఏ సముద్రం నుంచి వచ్చింది? ఆయన కాగితాల మీద మొక్క ఎక్కడ దొరికిందో రాయడం చాలా అరుదు. అంతటి మహానుభావుడు నాలుగు మాటల చీటీ రాసి ఉంటే రెండు వందల అరవై ఏళ్ళ తికమక తప్పేది. అందుకే నా మటుకు నాకు, నాచు సేకరణలో మొక్క ఎంత ముఖ్యమో దాని పక్కన అంటించే చీటీ అంతకు ఒక వీసం ఎక్కువే.

సరే, రాళ్ళ దగ్గరికి దిగుదాం. సముద్రం పోటు, పాటు అని రోజుకు రెండేసి సార్లు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. విశాఖ దగ్గర ఆ తేడా పెద్ద పోటుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరే. గుజరాత్ తీరంలో లాగా మైలు దూరం వెనక్కి పోదు. అందువల్ల అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా, పాటు బాగా లాగే రోజు చూసుకోవాలి. నీళ్ళు అట్టడుగుకు చేరడానికి గంట ముందే దిగాలి. నీళ్ళతో పాటు కిందికి పోతూ ఏరుకుని, అవి తిరిగి ఎక్కడం మొదలుపెట్టగానే సముద్రానికి వీపు చూపకుండా పైకి వచ్చేయాలి.

కొత్తవాళ్ళు చేసేది ఒకటి ఉంది. కనపడిన దాన్ని గుప్పిట పట్టి లాగుతారు. పై భాగం చేతికొస్తుంది, అడుగు రాతికే ఉండిపోతుంది. నాచుకు వేరు ఉండదు, రాతిని పట్టుకునే పట్టు ఒకటి ఉంటుంది. చాలా జాతుల్లో గుట్టంతా ఆ పట్టు దగ్గరే ఉంటుంది. అలలు బలంగా కొట్టే బండల మీద ముదురాకుపచ్చ కుచ్చులుగా పెరిగే కీటోమార్ఫా యాంటెన్నినా చూడండి. కొమ్మలు లేని దారాలు, ఒక్కో దారంలో కణాలు ఒకే వరసలో ఉంటాయి. పైన ఎంత చూసినా దాని బంధువులకూ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం. అన్నిటికన్నా కింద ఉన్న కణం మాత్రం మిగతా కణాల కన్నా చాలా పొడుగ్గా ఉంటుంది. జాతిని తేల్చేది ఆ ఒక్క కణం. లాగి తెంపినవాడు దాన్ని బండ మీదే వదిలేసి వచ్చినట్టు. అందుకే మొండి చాకుతో రాయినీ మొక్కనూ వేరుచేస్తూ అడుగు నుంచి గీకి తీయాలి. అలాగని బండ మొత్తం బోడి చేయనక్కరలేదు. ఒక చోట రెండు మూడు మొక్కలు చాలు.

సర్గాసం సంగతి ఇంకా చిక్కు. గోధుమ రంగులో, ఆకుల్లాంటి భాగాలతో, తేలడానికి గాలి బుడగలతో ఉండే నాచు అది. కింది ఆకులు ఒక తీరుగా, పై ఆకులు ఇంకో తీరుగా ఉంటాయి. బుడగల ఆకారం ఒక మొక్కలోనే మారుతుంది. పునరుత్పత్తి భాగాలు ఉండే చిన్న గుత్తులు దొరికితే తప్ప జాతి పేరు ధైర్యంగా చెప్పలేం. ఆ గుత్తులు లేని నమూనాకు సర్గాసం అని మాత్రం రాసి, రెండో పేరు ఖాళీగా వదలడం నిజాయితీ. అందంగా ఉందని ఏదో ఒక జాతి పేరు తగిలించేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ పేరు పుస్తకాల్లోకి ఎక్కిందంటే దించడం మహా కష్టం.

తుఫాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు కుప్పలుగా ఉంటుంది. ఏరుకోవచ్చు, తప్పు లేదు. లోతుల్లో పెరిగేవి మనకు దొరికేది అలాగే. కాకపోతే చీటీ మీద ‘కొట్టుకొచ్చింది’ అని తప్పక రాయాలి. అది ఎక్కడ పెరిగిందో మనకు తెలియదు కదా.

ఇంటికి తెచ్చాక ఆలస్యం పనికిరాదు, నాచు త్వరగా కుళ్ళుతుంది. సముద్రపు నీళ్ళలోనే ఇసుక, చిన్న పురుగులు పోయేలా కడగాలి. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి, అడుగున మందపాటి కాగితం ఉంచి, దాని మీద మొక్కను తేలనివ్వాలి. బ్రష్షుతో కొమ్మలు విడదీస్తూ కాగితాన్ని మెల్లగా పైకెత్తితే, మొక్క నీళ్ళలో ఎలా నిలుచుందో అలాగే కాగితం మీద సర్దుకుంటుంది. పైన పాత పలచటి నూలు గుడ్డ కప్పి, న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, బరువు వేసి, తడి కాగితాలను రోజూ మారుస్తూ పోవాలి. ఆ గుడ్డ ఎందుకంటే, అది లేకపోతే నాచు పై కాగితానికి కూడా అంటుకుని రెండుగా చిరుగుతుంది. చాలా జాతులకు జిగురు అక్కర్లేదు, వాటి బంకతోనే అవి కాగితాన్ని పట్టుకుంటాయి. ఒక చిన్న ముక్కను సముద్రపు నీటిలో కలిపిన పలచటి ఫార్మలిన్‌లో, ఇంకో ముక్కను సిలికా జెల్ గుళికల్లో దాచాలి. ఫార్మలిన్ కణాల ఆకారాన్ని కాపాడుతుంది గానీ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. అందుకే రెండు సీసాలు.

ఇప్పుడు గుర్తించడం. నాచులు ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు అని మూడు పెద్ద కుదుళ్ళు. రంగును బట్టి విభజించవచ్చని 1836లో గట్టిగా చెప్పినవాడు ఐర్లండ్‌కు చెందిన విలియం హెన్రీ హార్వే. ఆ చూపు ఎంత పదునైనదంటే, తర్వాత రసాయనశాస్త్రమూ జన్యుశాస్త్రమూ వచ్చినా ఆ మూడు పంక్తులు చెరగలేదు. చిక్కల్లా ఏమిటంటే, కంటికి కనిపించే రంగు నమ్మదగింది కాదు. ఎండ తగిలే చోట పెరిగిన ఎర్ర నాచు పసుపుగా, ఆకుపచ్చగా, ఒక్కోసారి దాదాపు నల్లగా ఉంటుంది. మన తీరంలోని గ్రాసిలేరియా ఇలా ఎంతమందిని బోల్తా కొట్టించిందో!

దీనికి వంటింటి పరీక్షలు ఉన్నాయి. అనుమానం ఉన్న ముక్కను మంచినీళ్ళలో నానబెట్టండి. నీళ్ళు గులాబి రంగుకు తిరిగితే అది ఎర్ర నాచు. దాని ఎర్ర వర్ణకం నీళ్ళలో కరుగుతుంది. గోధుమ నాచును మరిగే నీళ్ళలో ముంచితే చూస్తూండగానే పచ్చబడుతుంది. పచ్చదనం మొదటినుంచీ ఉన్నదే, గోధుమ వర్ణకం దాన్ని కప్పి ఉంచింది, వేడికి ఆ కట్టు విడిపోయింది. ఇక సున్నం పట్టిన నాచు అయితే ఒక చుక్క వెనిగర్ వేయగానే బుడగలు వస్తాయి. యాంఫిరోవా అనే గులాబి రంగు నాచు ఇలాంటిదే. పెళుసుగా, కణుపులు కణుపులుగా, పట్టుకుంటే పుటుక్కున విరుగుతుంది. దీన్ని చూసి ఇది పగడం అనుకుంటే సిగ్గుపడకండి. వీటి దగ్గరి చుట్టం కొరాలినాను లిన్నేయసే 1758లో జంతువుల్లో కలిపాడు. అది మొక్కేనని తేలడానికి 1837లో ఫిలిప్పి అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు రావలసి వచ్చింది.

ఇంతవరకూ కంటితో జరిగే పని. అసలు తీర్పు మైక్రోస్కోపు కింద. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కొత్త రేజర్ బ్లేడు, జీలుగు బెండు ముక్క ఉంటే చాలు. బెండును చీల్చి, మధ్యలో నాచు ముక్కను బిగించి, అడ్డంగా పలచటి పొరలు కోయాలి. చేయి కుదరడానికి కొంతకాలం పడుతుంది, కానీ కుదిరాక అంతకన్నా ఆనందం ఈ శాస్త్రంలో ఇంకోటి లేదు. ఏళ్ళ తరబడి ఎండి ఉన్న ముక్క కూడా నీళ్ళలో ఒక చుక్క సబ్బు కలిపి నానబెడితే మళ్ళీ విచ్చుకుంటుంది.

ఏం కనిపిస్తుందంటారా? ఉల్వా రేకును కోస్తే సరిగ్గా రెండు కణాల మందం ఉంటుంది. దాని పక్కనే పెరిగే ఎంటరోమార్ఫాను కోస్తే బోలుగా గొట్టం, గోడ ఒకే కణం మందం. ఇంత స్పష్టమైన తేడా ఉందని 1820లో రెండిటినీ రెండు ప్రజాతులుగా విడదీశారు. 2003లో డీఎన్‌ఏ ఆధారంతో మళ్ళీ ఒకే గూటికి చేర్చారు. 1753లో లిన్నేయస్ రెండిటినీ ఉల్వా అనే అన్నాడు. చీటీ విషయంలో ఆయన్ను తప్పుపట్టాను గనక ఈ మెప్పు కూడా చెప్పాలి. కాలెర్పాను కోస్తే ఇంకా వింత. అడ్డగోడలే ఉండవు. జానెడు పొడవున రాతి మీద పాకుతూ, కొమ్మలు వేస్తూ పోయే ఆ మొక్క మొత్తం ఒకే ఒక్క కణం.

జెలీడియం, గ్రాసిలేరియా రెండూ అగర్ ఇచ్చే ఎర్ర నాచులే. ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను పెంచే జెల్లీ తయారయ్యేది దానితోనే. ముదిరిన గ్రాసిలేరియాను జెలీడియంగా పొరబడేవాళ్ళకు కోత ఒక్కటే దిక్కు. జెలీడియం లోపలి కణాల మధ్య సన్నని, గోడలు మందంగా ఉన్న తంతువులు ఉంటాయి. అడ్డకోతలో అవి తళతళలాడే చుక్కలుగా కనబడతాయి. గ్రాసిలేరియాలో ఆ చుక్కలు ఉండవు, మధ్యంతా పెద్ద పెద్ద రంగులేని కణాలే. ఇక సిద్ధబీజాల (స్పోర్ల) సంగతి. ఎర్ర నాచుల్లో చాలావాటికి ఒక్కో తిత్తిలో నాలుగు బీజాలు ఉంటాయి. గ్రాసిలేరియాలో అవి కూడిక గుర్తులా అడ్డంగా నిలువుగా విడిపోయి ఉంటాయి. హిప్నియా అనే మరో ఎర్ర నాచులో ఒకదాని మీద ఒకటి వరసగా పేర్చి ఉంటాయి. కుటుంబాన్ని పట్టడానికి ఈ పొందిక సాయపడుతుంది.

కోసి చూసినా లొంగని మొండి ఘటం ఒకటుంది. పోర్ఫైరా. జపాన్‌లో నోరి పేరుతో అన్నానికి చుట్టుకు తినే ఎర్ర నాచు. ఈ మొక్క ఏడాదిలో కొన్ని నెలలు రాళ్ళ మీద కనిపించి మాయమైపోతుంది. మిగతా నెలలు ఎక్కడుంటుందో జపాన్ రైతులకు అంతుపట్టలేదు. 1949లో బ్రిటన్‌లో కేథ్లీన్ డ్రూ అనే శాస్త్రజ్ఞురాలు దాని సిద్ధబీజాలను గవ్వ చిప్పల మీద పెంచి చూసింది. అవి చిప్పలోకి తొలుచుకుపోయి సన్నటి గులాబి తంతువులయ్యాయి. ఆ తంతువులకు అప్పటికే వేరే పేరుంది, కాంకోసెలిస్ అని 1892 నుంచీ వేరే మొక్కగా లెక్క. రెండు మొక్కలనుకున్నవి ఒకే మొక్క జీవితంలో రెండు దశలని తేలింది. జపాన్ రైతులు ఆ రహస్యం పట్టుకుని చిప్పల మీదే విత్తనం పెంచడం మొదలుపెట్టారు. నోరి సాగు ఇవాళ ఇంత పెద్ద పరిశ్రమ కావడానికి మూలం అదే. ఆవిడ ఒక్కసారి కూడా జపాన్ వెళ్ళలేదు. అయినా అక్కడ కుమామొటో ప్రాంతంలో ఆవిడకు స్మారకం కట్టి, ఏటా ఏప్రిల్ 14న తలుచుకుంటారు.

పేరు తెలియడం ఒక ఎత్తు, వర్ణన రాయడం ఇంకో ఎత్తు. రేడియోలో నేను మీకు బొమ్మ చూపించలేను గదా, వర్ణన రాసేవాడి పరిస్థితీ అంతే. చదివేవాడు సముద్రమే చూడనివాడైనా, మాటలను బట్టి మొక్కను పట్టుకోగలగాలి. పడైనా అనే నాచును ప్రయత్నిద్దాం. గోధుమ రంగు, పైన పలచటి సున్నపు పూత వల్ల బూడిద చాయ. విసనకర్ర ఆకారం. పై అంచు లోపలికి చుట్టుకుని ఉంటుంది. అంచుకు సమాంతరంగా రోమాల వలయాలు, వాటి మధ్య సిద్ధబీజాశయాల ముదురు గీతలు. అడుగున నూగులాంటి పీచుతో రాతిని పట్టుకుంటుంది. ఇక కోత. అంచు దగ్గర కోస్తే కణాల వరసలు తక్కువ, కిందికి పోయేకొద్దీ మందం పెరుగుతుంది. కాబట్టి వరసలు ఎన్ని అని రాస్తే చాలదు, ఎక్కడ కోసి లెక్కపెట్టారో కూడా రాయాలి. పడైనాలో జాతులను విడదీసేది ఆ లెక్క, ఆ వలయాల మధ్య దూరాలు. ‘అందమైన’, ‘పెద్ద’, ‘కొంచెం’ అన్న మాటలు ఇక్కడ చెల్లవు. సెంటీమీటర్లు, మైక్రోమీటర్లు కావాలి.

బొమ్మ గీయడం రానివాళ్ళకు ఒక ఊరట. 1843లో ఇంగ్లండ్‌లో ఆన్నా ఆట్కిన్స్ అనే ఆవిడకు ఇంత సున్నితమైన నాచులను గీయడం అసాధ్యమనిపించింది. రసాయనం పూసిన కాగితం మీద నాచునే నేరుగా పరిచి ఎండలో పెట్టింది. నీలి నేపథ్యంలో తెల్లటి నీడ పడింది. ఫొటోలతో వచ్చిన తొలి పుస్తకంగా దాన్నే చెప్పుకుంటారు. తొలి ఫొటో పుస్తకం రాజులదీ కోటలదీ కాకుండా నాచులది కావడం మా బోటివాళ్ళకు కొంచెం గర్వకారణమే.

ఏ పుస్తకానికీ కలవని నమూనా దొరికితే? అది కొత్త జాతి అని ప్రకటించడానికి నియమాలున్నాయి. ఒక నమూనాను టైప్‌గా, అంటే ఆ పేరుకు ప్రమాణంగా, నిర్ణయించి, దాన్ని ఎండు మొక్కలను భద్రపరిచే ఏ హెర్బేరియంలో ఉంచారో చెప్పాలి. బొమ్మ ఇవ్వాలి. వర్ణన 2011 చివరి వరకు లాటిన్‌లోనే రాయవలసి ఉండేది, 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషులోనూ రాయవచ్చు. కానీ ఆ సంబరానికి ముందు పాత నమూనాలన్నీ తిరగేయడం మంచిది. కొత్తదనుకున్నది చాలాసార్లు ఎవరో వందేళ్ళ కిందట వేరే పేరుతో రాసిపెట్టిందే అవుతుంది.

మన తీరం సంగతి చూస్తే, గోదావరి, కృష్ణ డెల్టాల్లో ఇసుక, బురద, నదుల మంచినీళ్ళు. పట్టుకోవడానికి రాయి లేని చోట నాచు నిలవదు. అందుకే ఆంధ్ర తీరపు నాచుల చదువంతా విశాఖ, భీమిలి పరిసరాల రాళ్ళ చుట్టూ తిరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు ఈ బండల మీద ఏ నాచు ఏ ఎత్తున, ఏ కాలంలో ఉంటుందో గమనించి 1964లో ప్రచురించారు. 1970లో విశాఖ నాచుల వివరమైన జాబితా లండన్ లిన్నేయన్ సొసైటీ పత్రికలో అచ్చు వేశారు. తర్వాత 2001లో భావనగర్ నుంచి ఓజా, జైదీ దేశం మొత్తానికీ వేసిన లెక్క 844 జాతులు. అందులో మన వాటా చూడాలంటే ఇప్పటికీ మొదట తెరవవలసింది ఆ 1970 జాబితానే.

ఆ జాబితా నాటికి గంగవరం, కృష్ణపట్నం పోర్టుల రాతిగోడలు లేవు. ఇసుక తీరంలోకి టన్నుల కొద్దీ బండలు తెచ్చి పోశారు, వాటి మీదికి నాచు రాక మానదు. ఏవి వచ్చాయి, విశాఖ వైపు నుంచి వచ్చినవా, ఓడల అడుగుకు అంటుకుని దూరం నుంచి వచ్చినవా అన్నది చాకు, పాత న్యూస్‌పేపర్లు, ఒక మైక్రోస్కోపు ఉన్న ఏ డిగ్రీ కాలేజీ బోటనీ విభాగమైనా మొదలుపెట్టగల పని. పోర్టు వాళ్ళ అనుమతి ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఒక్కరే వెళ్ళకండి, ఆ బండలు బాగా జారతాయి. చీటీ పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా ఉప్పునీళ్ళకు నిలవదు.